కొలువు – కొలత: జీఐఎస్ చదివినవారి ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: జాగ్రఫీతో డిగ్రీ అయ్యాక ఆరు నెలల జీఐఎస్ (కంప్యూటర్లో పటాలు తయారుచేసే విద్య) డిప్లొమా చేశాను. ఇంటర్వ్యూకి వెళ్తే ‘మీరు చేసిన పని చూపించండి’ అంటున్నారు. ఊళ్లోనే ఉండి ఏం తయారుచేసుకోవచ్చు?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఇంకో సర్టిఫికెట్ జోలికి పోకండి. మీ సొంత మౌజా (రెవెన్యూ గ్రామం) పటం ఒక్కటి శుభ్రంగా చేయండి. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ చాలు.

పటాన్ని మడతలు లేకుండా 300 డీపీఐలో స్కాన్ చేసి, పటాన్ని నేల మీది అసలు చోటుకి కట్టే జియోరెఫరెన్సర్‌లో తెరవండి. అందులో తేలికైన లెక్క ఫస్ట్ ఆర్డర్ పాలినామియల్‌కి మూడు పాయింట్లు (పటంలోనూ నేల మీదా చోటు తెలిసిన గుర్తులు) చాలంటారు. నిజమే, కానీ మూడే పెడితే ఎర్రర్ ఎప్పుడూ సున్నాయే చూపిస్తుంది. అది కచ్చితత్వం కాదు, సరిచూడడానికి నాలుగో పాయింటు లేకపోవడం. ఎనిమిదో పదో పెట్టండి. నాలుగు మూలలా ఉండాలి, నడిమధ్యన కూడా ఉండాలి. గుడి మూల, పాత కల్వర్టు, రోడ్లు కలిసేచోటు మంచి గుర్తులు. మహేంద్రతనయ ఒడ్డు పనికిరాదు, ఏరు జరుగుతుంది. పొలం గట్టూ అంతే, దాన్ని జరిపేవాళ్లు వేరే ఉంటారు.

1:4000 పటం మీద అర మిల్లీమీటరు అంటే నేల మీద 2 మీటర్లు. కాబట్టి రెండు మూడు మీటర్ల తేడాకి కంగారు పడక్కర్లేదు. 15 మీటర్లు వచ్చిందంటే మాత్రం ఏదో ఒక పాయింటు తప్పు పడి ఉంటుంది. దాన్ని వెతికి సరిచేయండి. ఎర్రర్ తగ్గుతుందని థర్డ్ ఆర్డర్‌కి మారిస్తే పటం రబ్బరులా సాగి, మధ్యలో ఉన్న ప్లాట్లు వంకర్లు తిరుగుతాయి.

మీ జిల్లాలో ఇంకో చిక్కుంది. భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44, 45 జోన్ల సరిహద్దయిన 84 డిగ్రీల రేఖాంశం గజపతి మీదుగానే పోతుంది. పర్లాకిమిడి దానికి కాస్త తూర్పున ఉంది కాబట్టి 45వ జోన్, అంటే ఈపీఎస్‌జీ కోడ్ 32645. పక్కనున్న గుణుపురం 44వ జోన్, 32644. అక్కడివాళ్లు ఇచ్చిన ఫైలుకి ప్రొజెక్షన్ (ఏ జోన్‌లో కొలిచారనే) సమాచారం లేకపోతే, మీరు 32645 అని ఊహించి పెట్టారంటే గుణుపురం వెళ్లి బంగాళాఖాతం నడుమ తేలుతుంది. డిగ్రీల్లో ఉన్న లేయరు మీద నేరుగా వైశాల్యం లెక్కకడితే వచ్చేది అర్థంలేని అంకె.

ప్లాట్ల హద్దులు గీయడం అయ్యాక ప్రతి ప్లాటు వైశాల్యాన్నీ పట్టాలో అంకెతో పోల్చండి. ఒడిశా డెసిమల్ అంటే మన సెంటే, 40.47 చదరపు మీటర్లు. స్నాపింగ్ (గీతని పక్క గీతకి అతికించే సౌకర్యం) ఆన్ చేయకుండా గీస్తే పక్కపక్క ప్లాట్ల మధ్య సన్నని చీలికలు మిగులుతాయి. హద్దుల తప్పులు పట్టే టోపాలజీ చెకర్‌తో అవి బయటపెట్టి సరిచేయండి. తేడా వచ్చిన ప్లాట్లను దాచకుండా ఒక పట్టికలో కారణంతో సహా రాయండి. ఇంటర్వ్యూలో అందమైన రంగుల పటం కన్నా ఈ పట్టికే ఎక్కువ మాట్లాడుతుంది.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రెండూ చదవడం, రాయడం వచ్చు. ఈ రంగంలో దీనికి విలువుందా? ఉద్యోగాలు ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఉంది. భూరికార్డుల పనిలో గీత గీయడం కన్నా పేర్లు తప్పుల్లేకుండా ఎక్కించడం కష్టం. అక్కడా ఒక సాంకేతిక గుంట ఉంది. షేప్‌ఫైల్‌లో (పటాలు దాచే ఒక రకం ఫైలు) ఫీల్డు, అంటే కాలమ్ పేరు పది అక్షరాలకి మించదు. పైగా లిపిని కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒడియా, తెలుగు లిపుల్లో ఒక్కో గుర్తుకీ మూడు బైట్లు పడుతుంది కాబట్టి పొడవాటి ఊరిపేరు సగంలో తెగిపోవచ్చు. జియోప్యాకేజీ అనే ఇంకో రకం ఫైల్లో దాచుకుంటే ఈ బాధ లేదు.

భువనేశ్వర్‌లోని ఒడిశా స్పేస్ అప్లికేషన్స్ సెంటర్, హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ప్రకటనలు చూస్తూ ఉండండి. ప్రాజెక్టు పోస్టులు చాలావరకు కాంట్రాక్టువే, గడువు ఎంతో చదివి సంతకం పెట్టండి. ప్రైవేటులో మొదట దొరికేది డిజిటైజింగ్, అంటే పటం చూసి గీతలు గీసే పని. ఏడాది చేయండి, తప్పులేదు. ఆ ఏడాదిలోనే పటాల డేటాబేస్ పోస్ట్‌జీఐఎస్, పైథాన్ పట్టాలి. లేకపోతే మూడేళ్లయినా అదే కుర్చీ, అదే మౌసు. పైచదువు కావాలంటే గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ ఇంజనీరింగ్ పేపరుంది. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్) ఉచిత ఆన్‌లైన్ కోర్సులు ఇంటి నుంచే చేయొచ్చు.

ప్రశ్న: డ్రోన్ కొని సర్వే పనులు పట్టుకుందామనుకుంటున్నాను. లాభమేనా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: ముందు కొనకండి. డబ్బు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ తీసుకోవాలి. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఓవర్‌ల్యాప్ (ఒక ఫోటో ఇంకోదాని మీద పడే భాగం) దగ్గర. ఎగిరే దిశలో 75–80 శాతం, పక్కవరసతో 60–70 శాతం ఉండేలా చూసుకోండి. జీడితోటల మీద అంతకన్నా తగ్గిస్తే ఆకులు గాలికి కదిలి ఫోటోలు ఒకదానికొకటి అతకవు, చిత్రంలో రంధ్రాలు పడతాయి. నేల మీద కంట్రోల్ పాయింట్లు కొలవడానికి మామూలు జీపీఎస్ కన్నా కచ్చితంగా కొలిచే డీజీపీఎస్‌ను అద్దెకు తెచ్చుకోండి. అది లేకుండా ఇచ్చిన సరిహద్దుని తహసీల్‌లో అమీన్ (సర్వేయరు) ఒప్పుకోడు.