కొన్న వీపీఎన్ ఒకటి, కావలసింది ఒకటి

ప్రశ్న: అమ్మానాన్నలు తెనాలిలో, నేను బెంగళూరులో ఉంటాం. అక్కడి ఇంటికి నాలుగు సీసీ కెమెరాలు పెట్టించాను. బిగించినాయన డీవీఆర్‌కి (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి, అంటే బయటినుంచి దాన్ని చేరే దారి రూటర్‌లో తెరిచి వెళ్ళాడు గానీ అది ఒక్కరోజూ పనిచేయలేదు. కంపెనీ క్లౌడ్ యాప్‌లో ఇంట్లో దృశ్యాలు చూడటం నాకిష్టం లేదు. రూటర్‌లో వీపీఎన్ పెట్టుకోమని మిత్రుడు చెబితే, ఏడాది చందా కట్టి ఒక వీపీఎన్ తీసుకున్నాను. ఫోన్‌లో ఆన్ చేసినా కెమెరాలు రావడం లేదు. ఏ రూటర్ కొనమంటారు?
– పి.ఎస్., బెంగళూరు

జవాబు: రూటర్ సంగతి తర్వాత. ముందు ఆ చందా డబ్బు వెనక్కి వస్తుందేమో చూడండి, చాలా కంపెనీలు 30 రోజుల్లోపు అడిగితే తిరిగిస్తాయి. మీ మిత్రుడు చెప్పింది తప్పు కాదు, మీరు కొన్నదే వేరే సరుకు. వీపీఎన్ అంటే నెట్ మీదుగా రెండు చోట్ల మధ్య వేసుకునే రహస్య సొరంగం. ఆ వీపీఎన్ మీ ఫోన్ ట్రాఫిక్‌ని ఏ సింగపూర్ సర్వర్ మీదుగానో బయటికి పంపుతుంది, అంతే. తెనాలిలో మీకో ఇల్లుందని దానికి తెలియదు. మీ ఇంటి రూటరే వీపీఎన్ సర్వర్ కావాలి, మీ ఫోన్ దానికి కలవాలి. దీనికి ఎవరికీ చందా కట్టక్కర్లేదు.

పోర్ట్ ఫార్వర్డింగ్ ఒక్కరోజూ పనిచేయలేదన్నారు చూడండి, నా అనుమానమంతా అక్కడే. రూటర్ వెనక స్టిక్కర్ మీదున్న అడ్రస్ (192.168.1.1 లాంటిది) బ్రౌజర్‌లో కొట్టి, స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (బయటి నెట్ వైపు రూటర్‌కున్న అడ్రస్) ఎంతుందో ఫొటో తీసి పంపమని నాన్నగారిని అడగండి. అది 100.64 నుంచి 100.127 లోపు ఉన్నా, 10తో మొదలైనా మీది సీజీనాట్ కనెక్షన్, అంటే బయటి అడ్రస్‌ని ఇతరులతో పంచుకునేది. ఈ రకం (ఐపీవీ4) అడ్రసులు ప్రపంచం మొత్తానికి 430 కోట్ల లోపే. అందుకని నెట్ కంపెనీలు ఒక్క పబ్లిక్ అడ్రస్‌ని ఎన్నో ఇళ్ళకి పంచుతాయి. ఆ 100.64 వరసని 2012లో ఇందుకోసమే కేటాయించారు. అలాంటి కనెక్షన్‌లోకి బయటినుంచి నేరుగా రావడం కుదరదు, పదివేల రూపాయల రూటర్ పెట్టినా సరే.

అప్పుడు స్టాటిక్ ఐపీ (మీ ఇంటికే సొంతమై, మారకుండా ఉండే పబ్లిక్ అడ్రస్) ఇమ్మని నెట్ వాళ్ళని అడగండి. కొంత అదనంగా తీసుకుంటారు. లేదంటే ఇంట్లో మూలనున్న పాత లాప్‌టాప్‌లో టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ యాప్ వేసి, దాన్ని సబ్‌నెట్ రూటర్‌గా (ఇంట్లోని మిగతా పరికరాలకి దారి చూపేదిగా) పెట్టి ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. మీ ఫోన్‌లోనూ అదే యాప్ వేసుకోండి. సొంత వాడకానికి ఉచితమే, సీజీనాట్ ఉన్నా పనిచేస్తుంది. కొత్త రూటర్ కొనే పనే ఉండదు. మీ స్థానంలో నేనైతే ముందు ఇదే చేసి చూస్తాను.

పబ్లిక్ ఐపీ ఉందని తేలితేనే రూటర్ కొనండి. డబ్బా మీద ‘వీపీఎన్ సపోర్ట్’ అని ఉంటే మోసపోవద్దు. కొన్నింట్లో దాని అర్థం లోపలి కంప్యూటర్ చేసుకునే వీపీఎన్‌ని ఆ రూటర్ అడ్డుకోదని మాత్రమే. ‘వైర్‌గార్డ్ సర్వర్’ అని స్పష్టంగా రాసి ఉండాలి, వైర్‌గార్డ్ అంటే తేలికగా నడిచే ఒక వీపీఎన్ పద్ధతి. ఓపెన్ వీపీఎన్ కూడా మంచిదే గానీ చవక రూటర్ల ప్రాసెసర్ దాని బరువు మోయలేదు. పీపీటీపీ అనే పాత, భద్రత లేని పద్ధతి జోలికి మాత్రం వెళ్ళొద్దు.

ఇక చాలామంది తలపట్టుకునే చోటు. తెనాలి ఇంట్లోనూ, బెంగళూరు ఇంట్లోనూ నెట్‌వర్క్ 192.168.1 వరసే అయితే, డీవీఆర్ కోసం వెతికే ఫోన్ బెంగళూరు ఇంట్లోనే తిరుగుతుంది. వీపీఎన్ కలిసినట్టు చూపిస్తుంది, బొమ్మ రాదు. టెయిల్‌స్కేల్ అయినా ఈ జాగ్రత్త తప్పదు. తెనాలి వరసని 192.168.57కి మార్చి, డీవీఆర్‌కి అందులో ఒక అడ్రస్ స్థిరంగా ఇచ్చేయండి. వైర్‌గార్డ్‌లో అలౌడ్ ఐపీస్ (వీపీఎన్ గుండా పోవాల్సిన అడ్రసులు) దగ్గర 192.168.57.0/24తో (ఆ వరస మొత్తం) పాటు రూటర్ ఇచ్చే టన్నెల్ వరస ఉంటే చాలు, మీ ఫోన్ నెట్ అంతా తెనాలి చుట్టి రాదు. స్టాటిక్ ఐపీ లేకపోతే డీడీఎన్ఎస్ (ఐపీ మారుతున్నా ఒకే పేరుతో ఇంటిని చేరనిచ్చే సదుపాయం) ఆన్ చేయండి.

ఇదంతా బెంగళూరులో కూర్చుని ఫోన్లో నాన్నగారికి చెప్పి చేయించకండి. మధ్యలో నెట్ పోతే ఆయన అవస్థ పడతారు. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీరే చేయండి. రూటర్ చూపించే క్యూఆర్ కోడ్‌ని వైర్‌గార్డ్ యాప్‌తో స్కాన్ చేసి, ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద కెమెరా తెరవండి. వచ్చిందా, బిగించినాయన పెట్టిన పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేయండి. డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చండి. రూటర్‌లో యూపీఎన్‌పీ కూడా ఆపేయండి, లేకపోతే మీరు మూసిన పోర్ట్‌ని డీవీఆర్ తనంతట తానే మళ్ళీ తెరిపించుకోగలదు.