టెక్ సందేహాలు: దుకాణంలో కనిపించే కెమెరా ఇంటికెళ్తే ఎందుకు మాయం?

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్ దగ్గర మాది అడ్తి దుకాణం. మిర్చి బస్తాలు బయటే ఉంటాయని నాలుగు సీసీ కెమెరాలు పెట్టించాం. పోయిన నెల ఇంటర్నెట్ కనెక్షన్ మార్చాం. అప్పటి నుంచి దుకాణంలోని కంప్యూటర్‌లో కెమెరాలు బాగానే కనిపిస్తున్నాయి, ఇంటికెళ్లి ఫోన్‌లో చూస్తే మాత్రం 'ఆఫ్‌లైన్' అంటోంది. డీవీఆర్ (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే డబ్బా) పోయింది, కొత్తది కొనాలి అంటున్నారు. నిజమేనా సార్?
– ఒక అడ్తి వ్యాపారి, వరంగల్

జవాబు: కొనకండి. డీవీఆర్ పోతే దుకాణంలో మాత్రం ఎలా కనిపిస్తుంది? నా అనుమానమంతా డిఫాల్ట్ గేట్‌వే మీదే, అంటే బయటి ఇంటర్నెట్‌కు దారి చూపే మీ రౌటర్ అడ్రస్ మీదే.

నెట్‌వర్క్‌లో ఉన్న ఏ పరికరమైనా, అది కంప్యూటర్ కానీ డీవీఆర్ కానీ, డేటా పంపేముందు ఒక్క విషయం చూసుకుంటుంది: అవతలివాళ్లు మన నెట్‌వర్క్‌లోనే ఉన్నారా, బయట ఉన్నారా? ఆ లెక్క సబ్‌నెట్ మాస్క్ చెబుతుంది. మాస్క్ 255.255.255.0 అని ఉంటే, ఐపీ అడ్రస్‌లో (నెట్‌వర్క్‌లో పరికరానికి ఉండే నంబర్) చుక్కలతో విడదీసిన మొదటి మూడు సంఖ్యలూ కలిసినవాళ్లంతా ఇంటివాళ్లే. మీ డీవీఆర్ 192.168.1.108, కంప్యూటర్ 192.168.1.20 అనుకుందాం. రెండూ నేరుగా మాట్లాడుకుంటాయి, మధ్యలో గేట్‌వేతో పనే లేదు. అవతలి అడ్రస్ బయటిదైతే డేటాను గేట్‌వే చేతికి ఇచ్చేస్తాయి. ఆ తర్వాత దాన్ని దారిన పెట్టడం గేట్‌వే పని. వరంగల్‌లో ఒక వీధి నుంచి ఇంకో వీధికి ఆటోలో పోతాం, హైదరాబాద్ రైలెక్కితే మాత్రం కాజీపేట దాటాల్సిందే కదా, అలాగన్నమాట.

మీ దగ్గర జరిగింది ఇదీ అనుకుంటున్నా. పాత రౌటర్ అడ్రస్ 192.168.1.1. కెమెరాలు బిగించినాయన డీవీఆర్‌లో గేట్‌వే గడిలో అదే రాసి వెళ్లిపోయారు. కొత్తగా పెట్టిన రౌటర్ అడ్రస్ 192.168.1.254 లాంటిది ఏదో అయి ఉంటుంది. ఫోన్ యాప్‌కు చూపించాలంటే డీవీఆర్ బయట ఉన్న కంపెనీ సర్వర్‌ను అందుకోవాలి. దాని కోసం ఇప్పటికీ 192.168.1.1నే వెతుకుతోంది. ఆ అడ్రస్‌లో ఇప్పుడు ఎవరూ లేరు.

నిర్ధారించుకోవడం తేలిక. దుకాణం కంప్యూటర్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొట్టండి, నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిష్‌లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. 'డిఫాల్ట్ గేట్‌వే' ఎదురుగా ఉన్న నంబర్ కాగితం మీద రాసుకోండి. తర్వాత టీవీ తెర మీద డీవీఆర్ మెనూలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌కు వెళ్లి, టీసీపీ ఐపీ పేజీలో గేట్‌వే చూడండి. రెండు నంబర్లు వేరైతే దొంగ దొరికినట్టే. కంప్యూటర్‌లో ఉన్నదే డీవీఆర్‌లోనూ వేయండి. కిందనే డీఎన్ఎస్ (సైట్ పేరును అడ్రస్‌గా మార్చి చెప్పే సర్వర్) గడి ఉంటుంది, అక్కడ కూడా పాత రౌటర్ నంబరే ఉంటే అదీ మార్చాలి. గేట్‌వే మార్చి డీఎన్ఎస్ మరిచిపోతే సర్వర్ పేరును అడ్రస్‌గా మార్చుకోలేక డీవీఆర్ మళ్లీ ఆఫ్‌లైన్ అనే అంటుంది. మార్చాక ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఇక్కడ రెండు తప్పులు తరచూ చూస్తుంటాను. గేట్‌వే గడిలో 8.8.8.8 వేసేస్తారు. అది 2009లో గూగుల్ మొదలుపెట్టిన డీఎన్ఎస్ సర్వర్ నంబర్, డీఎన్ఎస్ గడిలో వేస్తే సరే. గేట్‌వే ఎప్పుడూ మన సొంత నెట్‌వర్క్‌లోని అడ్రసే అయి ఉండాలి, లేకపోతే దాన్ని అందుకోవడానికే ఇంకో గేట్‌వే కావాల్సి వస్తుంది! రెండోది, 'ఇదంతా ఎందుకు, డీహెచ్‌సీపీ (రౌటరే అడ్రస్‌లు పంచే పద్ధతి) టిక్ పెడితే అన్నీ అదే తీసుకుంటుంది కదా' అంటారు. తీసుకుంటుంది, కానీ డీవీఆర్ అడ్రస్ కూడా మారిపోవచ్చు. అప్పుడు ఫోన్‌లో వస్తుంది, దుకాణం కంప్యూటర్‌లో పోతుంది. అందుకే డీవీఆర్‌కు ఒకే అడ్రస్ ఉంచి, ఆ అడ్రస్‌ను రౌటర్ ఇంకెవరి ఫోన్‌కూ ఇవ్వకుండా రౌటర్‌లో రిజర్వ్ చేయించండి.

ఒక హెచ్చరిక కూడా. ఎవరైనా వచ్చి 'రౌటర్‌లో పోర్టులు తెరుస్తా, డీఎంజెడ్‌లో పెడతా' అంటే ఒప్పుకోకండి, బయటివాళ్లు నేరుగా డీవీఆర్ దాకా రావడానికి తలుపు తీసినట్టే అది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ సరిగ్గా ఇలా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టిన కెమెరాలు, డీవీఆర్‌లలోకే కంపెనీ పాస్‌వర్డ్‌లతో దూరింది. ఆ అక్టోబర్‌లో వాటన్నిటినీ కలిపి డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీదికి ఉసిగొల్పితే, అమెరికాలో ట్విట్టర్ లాంటి సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. మీ డీవీఆర్ పాస్‌వర్డ్ ఇంకా అడ్మినే అయితే ముందు అది మార్చండి.

ప్రశ్న: కాజీపేటలో హాస్టల్‌లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నా. నెట్ రావట్లేదంటే ఒక సీనియర్ అన్న నా ల్యాప్‌టాప్‌లో ఏవో నంబర్లు వేసి సెట్ చేశాడు. ఇప్పుడు హాస్టల్‌లో వస్తోంది. సెలవులకు హుజూరాబాద్ ఇంటికి వస్తే వైఫై కనెక్ట్ అవుతుంది కానీ 'నో ఇంటర్నెట్' అంటోంది. ఫోన్లన్నిటికీ వస్తోంది. ఎల్లుండి అసైన్‌మెంట్ పెట్టాలి, టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని

జవాబు: టెన్షన్ వద్దమ్మా, రెండు నిమిషాల పని. ఆ అన్న నీ ల్యాప్‌టాప్‌కు హాస్టల్ అడ్రస్, హాస్టల్ గేట్‌వే శాశ్వతంగా రాసేశాడు. హాస్టల్‌లో అవి 10తో మొదలయ్యే నంబర్లు అయి ఉండొచ్చు, మీ ఇంటి రౌటర్ మాత్రం 192.168తో మొదలయ్యే అడ్రస్‌లు ఇస్తూ ఉంటుంది. వైఫై సిగ్నల్‌కు ఈ నంబర్లతో సంబంధం లేదు, పాస్‌వర్డ్ సరిపోతే కనెక్ట్ అయిపోతుంది. ఆ తర్వాతే ల్యాప్‌టాప్ హుజూరాబాద్‌లో కూర్చుని కాజీపేట గేట్‌వేను పిలుస్తూ ఉంటుంది.

విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, అందులో మీ వైఫై ప్రాపర్టీస్ తెరువు. 'ఐపీ అసైన్‌మెంట్' పక్కన మాన్యువల్ అని ఉంటే ఎడిట్ నొక్కి ఆటోమేటిక్ చెయ్యి. దాని కిందే 'డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్' విడిగా ఉంటుంది, దాన్నీ ఆటోమేటిక్ చెయ్యి. చాలామంది మొదటిది మార్చి రెండోది వదిలేస్తారు. హాస్టల్ లోపల మాత్రమే పలికే డీఎన్ఎస్ ఇంట్లో పలకదు.

మార్చేముందు పాత నంబర్లను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకో, హాస్టల్‌కు వెళ్లాక మళ్లీ అవసరం పడొచ్చు. ఆటోమేటిక్ చేశాక ఐపీకాన్ఫిగ్‌లో అడ్రస్ 169.254తో మొదలైతే, రౌటర్ నీకు అడ్రస్ ఇవ్వలేదని, ల్యాప్‌టాప్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. అప్పుడు గేట్‌వే గడి ఖాళీగా ఉంటుంది. ఒకసారి రౌటర్ ఆపి వేసి, వైఫై తీసి మళ్లీ కలిపి చూడు.

ప్రశ్న: కరీంనగర్‌లో జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నా. పరీక్షల దరఖాస్తులకు చివరి రోజే నెట్ పోతోందని ఫైబర్‌తో పాటు ఇంకో కనెక్షన్ తీసుకున్నా. రెండూ ఒకే కంప్యూటర్‌కు పెడితే స్పీడ్ రెట్టింపు అవుతుందా?

జవాబు: కాదు. కంప్యూటర్‌లోని రెండు నెట్‌వర్క్ కార్డులకూ రెండు గేట్‌వేలు రాస్తే విండోస్ హెచ్చరిస్తుంది కూడా. బయటికి వెళ్లే దారులు రెండు ఉంటే మెట్రిక్ అనే అంకె ఏదానికి తక్కువో దాన్నే కంప్యూటర్ పట్టుకుంటుంది, రెండోది ఊరికే ఉంటుంది. మొదటి కేబుల్ ఊడిపోతే రెండోదానికి మారుతుంది, నిజమే. కానీ మనకు వచ్చే బాధ అది కాదు. రోడ్డు మీద జేసీబీ ఫైబర్‌ను తెంపుతుంది, మీ టేబుల్ మీద రౌటర్ మాత్రం వెలుగుతూనే ఉంటుంది. గేట్‌వే పలుకుతోంది కదా అని కంప్యూటర్ దాన్నే నమ్ముకుని కూర్చుంటుంది, మీ ముందు క్యూ పెరుగుతుంది.

రెండు వ్యాన్ పోర్టులున్న (బయటి ఇంటర్నెట్ కేబుల్ పెట్టే చోట్లు రెండున్న) రౌటర్ ఒకటి తీసుకుని రెండు కనెక్షన్లూ దానికే ఇవ్వండి. సెంటర్‌లోని కంప్యూటర్లన్నిటికీ ఆ రౌటరే ఏకైక గేట్‌వే. అందులో 'లోడ్ బ్యాలెన్స్', 'ఫెయిలోవర్' అని రెండు పద్ధతులుంటాయి. మీ పనికి నేను ఫెయిలోవరే చెబుతాను, అంటే ఒక కనెక్షన్ పోతేనే రెండోది అందుకునే పద్ధతి. లోడ్ బ్యాలెన్స్‌లో ఒకే సైట్‌కు ఒక క్లిక్ ఒక కనెక్షన్ నుంచి, ఇంకో క్లిక్ ఇంకోదాని నుంచి వెళ్తే, ఫీజు కట్టే పేజీలు 'సెషన్ ఎక్స్‌పైర్డ్' అని బయటికి నెట్టేసే ప్రమాదం ఉంది. కనెక్షన్ బతికుందో లేదో చూడటానికి రౌటర్ ఏ అడ్రస్‌ను పింగ్ చేయాలో (పలుకుతోందా అని పిలిచి చూడాలో) కూడా అడుగుతుంది. అక్కడ పక్కనే ఉన్న ఫైబర్ బాక్స్ అడ్రస్ వేయకండి, 8.8.8.8 లాంటి బయటిది వేయండి.

ప్రశ్న: మా కంప్యూటర్‌లో డిఫాల్ట్ గేట్‌వే దగ్గర మామూలు నంబర్‌తో పాటు ఎఫ్‌ఈ80 అని మొదలై ఏదో పొడుగాటి అక్షరాల వరస వస్తోంది. వైరసా?
– జగిత్యాల నుంచి

జవాబు: వైరస్ కాదు. అది కూడా మీ రౌటరే, ఐపీవీ6 అనే కొత్త తరం పొడుగాటి అడ్రస్‌తో కనిపిస్తోంది. రౌటర్ తానే 'నేనిక్కడున్నా' అని ప్రకటిస్తే కంప్యూటర్ ఆ అడ్రస్‌ను రాసుకుంటుంది, మీరు వేయాల్సింది, తీయాల్సింది ఏమీ లేదు.