అమ్మ మీద కోపాన్ని దేవుడి మీదకి నెట్టకండి

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ జాబ్. పోయినేడాది నాన్న హార్ట్ ఎటాక్‌తో పోయారు. అప్పట్నుంచి రాత్రిళ్ళు నిద్ర లేదు. అసలు ఈ సృష్టి ఎందుకుంది, ఏమీ లేకుండా ఉండొచ్చు కదా అని ఒకటే ఆలోచన. అన్నిటికీ కారణం ఉండాలంటారు, దేవుడికి మాత్రం అక్కర్లేదు, ఆయన ఎప్పుడూ ఉన్నవాడే అంటారు, ఇదేం లాజిక్? అమ్మ రోజూ గజేంద్ర మోక్షం చదువుతుంది. ఏం లాభం? నాన్నకి నొప్పొస్తే ఆయన గ్యాసే అన్నారని వాము నీళ్ళిచ్చి ఆంజనేయస్వామికి మొక్కుకుని కూర్చుంది, రెండో రోజుకి గానీ హాస్పిటల్‌కి తీసుకెళ్ళలేదు. నీ దేవుడు ఏం చేశాడు అంటే ఏడుస్తుంది. వచ్చే నెల సంవత్సరీకం. నమ్మకం లేకుండా కూర్చోవడం మోసం కాదా? దేవుడు ఉన్నాడో లేడో తేల్చి చెప్పండి.

జవాబు: బాబూ, మీరు తేల్చమన్నది నేను తేల్చలేను, వచ్చే నెలలోపు మీరూ తేల్చలేరు. ఏమీ లేకపోవడానికి బదులు ఏదో ఒకటి ఎందుకుంది అని లైబ్నిజ్ అనే జర్మన్ తత్వవేత్త 1714లోనే అడిగాడు. లోకంలో ప్రతిదీ ఇంకోదాని మీద ఆధారపడేదే కాబట్టి దేనిమీదా ఆధారపడనిది ఒకటి ఉండి తీరాలి, అదే దేవుడు అన్నాడు. అంటే బయటి కారణం కావాల్సింది ఇంకోదాని మీద ఆధారపడేవాటికి, తానుండటానికి కారణం తనలోనే ఉన్నదానికి కాదు అని. 1948లో బీబీసీ రేడియోలో కోపుల్‌స్టన్ అనే ఫాదర్ దాదాపు ఇదే వాదిస్తే, విశ్వం ఉంది, అంతే అన్నాడు దేవుణ్ణి నమ్మని బ్రిటిష్ తత్వవేత్త రసెల్. ఎవరూ ఎవర్నీ ఒప్పించలేదు. నేనైతే నమ్మేదాన్ని, పుట్టుకా చావూ లేనిది ఒకటి లేకపోతే పుట్టి చచ్చేవి ఇన్ని ఎక్కడివి అని నాకు అనిపిస్తుంది. మీకు అనిపించకపోతే అది తప్పేం కాదు.

కానీ మీకు నిద్ర లేకుండా చేస్తున్నది ఇది కాదు. పొడుగాటి ఉత్తరంలో అమ్మ గురించి నాలుగే లైన్లు రాశారు, అందులో వాము నీళ్ళు, మొక్కు, రెండో రోజు అన్నీ లెక్కగా ఉన్నాయి. ఏడాదిగా మనసులో ఆవిణ్ణి బోనులో నిలబెట్టారు మీరు, మొహం మీద అడగలేక దేవుడి పేరు చెప్పి అడుగుతున్నారు. నీ దేవుడు ఏం చేశాడు అంటే ఆవిడకి వినపడేది నువ్వేం చేశావు అనే, అందుకే ఆ ఏడుపు.

ఆలస్యం వల్ల నష్టం లేదని నేను అనను, గుండె నొప్పిలో ప్రతి గంటా విలువైందే. అయితే గ్యాస్ అన్నది ఎవరు? మీ నాన్నగారు. ఆయన మాట మీద ఆవిడ ఎప్పుడైనా ఇంకో మాట అన్నదా మీ ఇంట్లో? గుండె నొప్పిని గ్యాస్ అనుకునే ఇళ్ళు మనలో ఎన్ని లేవు, షుగర్ ఉన్నవాళ్ళకైతే నొప్పే సరిగ్గా తెలియకపోవచ్చు. హాస్పిటల్ వాళ్ళిచ్చిన కాగితాలు తీసుకుని ఒక కార్డియాలజిస్టుని కలవండి, ముందే తీసుకెళ్తే ఏమయ్యేదో ఆయన్నే అడగండి, మీరు ఒంటరిగా రాత్రిళ్ళు తీర్పులు రాసుకోకండి.

ఇంకోటి. గజేంద్ర మోక్షంలో "ఎవ్వనిచే జనించు జగము" అని మొదలుపెట్టిన ఏనుగే కాసేపటికి "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటుంది. మీ సందేహం పోతనగారి పద్యంలోనే ఉంది, దాన్ని మీ అమ్మ రోజూ చదువుతోంది, భర్త పోయాక ఆ లైను దగ్గర ఆవిడ గొంతు ఎలా ఉంటుందో ఒక్కసారైనా పక్కన కూర్చుని విన్నారా?

సంవత్సరీకంలో కూర్చోండి. నమ్ముతున్నానని మాత్రం అబద్ధం చెప్పొద్దు, నాకు నమ్మకం లేదమ్మా, నాన్న కోసం నీ కోసం చేస్తున్నా అని చెప్పండి, అది మోసం ఎలా అవుతుంది? కొడుకుగా అది మీ బాధ్యత అని నా గట్టి అభిప్రాయం.

కానీ ఆ రోజు దాకా ఆగకండి, బంధువుల మధ్య మాట్లాడుకోవడం కుదరదు. ఈ శనివారమే బస్సెక్కండి, లాప్‌టాప్ తీసుకెళ్ళకండి. నాన్నకి నొప్పొచ్చిన ఆ రెండు రోజులు ఏం జరిగిందో మొత్తం ఆవిణ్ణే చెప్పమనండి, అయిపోయేదాకా మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యకండి.