ఏటిగట్టు మీద బాతుకాళ్ళ బూట్లు: వెడల్పు సంగతి వేరు, చదును సంగతి వేరు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమలాపురం దగ్గర కాలువగట్టు మీద వారానికి పాతిక కిలోమీటర్లు పరుగెడుతున్నారు. చిటికెనవేలు బూటు గోడకి ఒరుసుకుని పుండు పడుతోంది, బొటనవేలి గోరు నల్లబడింది. వేళ్ళ దగ్గర వెడల్పుగా, అడుగు మెత్తగా, మడమా వేళ్ళూ ఒకే ఎత్తులో ఉండే జీరో డ్రాప్ ట్రైల్ బూట్లు (మట్టిదారుల మీద పరుగుకి చేసేవి) కొనాలా, అంత డబ్బు పెట్టడం దండగా అని.

మీ ప్రశ్నలో మూడు సంగతులు కలిసిపోయాయండి. వెడల్పు ఒకటి, మెత్తదనం ఒకటి, చదును ఒకటి. ఈ మూడూ ఒకే బూటులో దొరుకుతాయి కాబట్టి అందరూ ఒకటే అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఐదు వారాలు మంచాన పడినంత పని చేసుకున్నాను. మీ గోటికి కావాల్సింది వెడల్పు మాత్రమే. చదును మీరు అడగకుండానే దాంతోపాటు వచ్చి పడుతుంది, ఇబ్బంది పెట్టేది అదే.

నాకు నలభై నాలుగు. రావులపాలెం దగ్గర ఎరువుల కొట్టు నడుపుతాను. పొద్దున్నే కొట్టు తీసేలోపు గౌతమి ఏటిగట్టు ఎక్కి బొబ్బర్లంక వైపు వెళ్ళి వస్తాను. ఆరేళ్ళుగా ఇదే వరస. మొదటి మూడేళ్ళు మామూలు రన్నింగ్ బూట్లే. ప్రతి దాళ్వా కోతల సమయానికి ఒక గోరు ఊడేది. పరుగెత్తేవాళ్ళకి ఇది మామూలే అని ఎవరో అంటే నమ్మేశాను.

డ్రాప్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. బూటు లోపల మడమ కింద ఎంత మందం ఉందో, వేళ్ళ మొదట్లో ఎంత మందం ఉందో, ఆ రెండింటి తేడా. మామూలు రన్నింగ్ బూట్లలో ఈ తేడా 8 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అంటే మనం ఎప్పుడూ చిన్న హీల్స్ మీద పరుగెడుతున్నట్టే. జీరో డ్రాప్‌లో తేడా ఉండదు. అలాగని అడుగు పలచగా ఉంటుందని కాదు. జీరో డ్రాప్ బూట్లు చేసే ఆల్ట్రా కంపెనీ వాళ్ళ లోన్ పీక్ మోడల్‌లో ముందూ వెనకా 25 మిల్లీమీటర్ల మందం, ఒలింపస్ మోడల్ అయితే 30 దాటుతుంది. ఈ ఆల్ట్రా పుట్టిన తీరు నాకు భలే నచ్చుతుంది. అమెరికాలో యూటా రాష్ట్రంలో బూట్ల కొట్టున్న కుటుంబంలోని గోల్డెన్ హార్పర్ అనే అతను, రొట్టెలు కాల్చుకునే చిన్న ఓవెన్‌లో బూట్లు వేడిచేసి, అడుగు ఊడదీసి, మడమ దగ్గర ఎత్తు తీసేసి మళ్ళీ అతికించేవాడట. 2009లో అదే కంపెనీ అయింది. మన దగ్గర చెప్పులు కుట్టే ఆయన చేసే పనే కదా అనిపించింది నాకు.

సరే, నా కథ. జీరో డ్రాప్ బూట్లు కొనేముందు మా అమ్మాయి ఒక పని చేయించింది. సాయంత్రం పూట (పొద్దున కంటే సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది) వంటింటి గచ్చు మీద పాత పేపరు పరిచి నన్ను నిలబెట్టింది. కూర్చుని గీస్తే లాభం లేదు, ఒంటి బరువు పాదం మీద పడాలి. పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీసింది. తర్వాత నా పాత బూటు లోపలి అట్ట తీసి ఆ బొమ్మ మీద పెట్టింది. చిటికెనవేలు మొత్తం అట్ట బయట ఉంది. బొటనవేలి పక్కన ఇంకో అరవేలు వెడల్పు బయట. "నాన్నా, ఇన్నాళ్ళూ ఐదు వేళ్ళని నాలుగు వేళ్ళ జాగాలో కుక్కావు" అంది. మీరూ ఇది చేయండి, పైసా ఖర్చు లేదు. అట్ట బొమ్మని పూర్తిగా కప్పాలి, బొటనవేలి ముందు ఒక బొటనవేలు వెడల్పు ఖాళీ మిగలాలి. ఇంకో మాట, "వైడ్" అని రాసి అమ్మే బూట్లు పాదం మధ్యలో కూడా వెడల్పుగా ఉంటాయి. మీకు కావాల్సింది మడమా మధ్యా బిగుతుగా ఉండి, వేళ్ళ దగ్గర మాత్రం విప్పారే ఆకారం. రెండూ ఒకటి కావు.

ఆ బూట్లు ఇంటికి వచ్చినప్పుడు మా మేనమామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. డబ్బా విప్పి చూసి, "ఏంటల్లుడూ, బాతుకాళ్ళకి కుట్టించావా? ముందంతా చేటలా ఉంది" అన్నాడు. ధర చెప్పలేదు. చెప్తే ఆ రోజు భోజనం చేసేవాడు కాదు.

నా తప్పంతా ఇక్కడే. చిన్నప్పటి నుంచీ హవాయి చెప్పులే కదా, ఇంట్లో ఉత్తకాళ్ళే కదా, వరిచేల గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగిన పాదాలు కదా, నాకు జీరో డ్రాప్ కొత్తేంటి అనుకున్నాను. హవాయి చెప్పు దాదాపు చదునే, నిజమే. కానీ అది నడక. నడకలో పాదం నెమ్మదిగా ఆనుతుంది. పరుగులో ఒంటి బరువుకి రెండు మూడింతలు ఒక కాలి మీద పడుతుంది, అదీ కిలోమీటరుకి ఐదారువందల సార్లు. మడమ కింద ఉన్న 10 మిల్లీమీటర్ల ఎత్తు తీసేస్తే ఆ సాగుదల అంతా పిక్క మీదా, మడమ వెనక నరం మీదా పడుతుంది. అకిలీస్ అంటారు దాన్ని. మనం నరం అంటాం గానీ, నిజానికి అది పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే గట్టి పట్టీ. ఏళ్ళ తరబడి ఎత్తు మడమకి అలవాటుపడి అది బిగుసుకుని ఉంటుంది.

మొదటి రోజే పది కిలోమీటర్లు పరుగెత్తాను. పరుగెత్తుతుండగా స్వర్గం! వేళ్ళు ఐదూ విడివిడిగా కదులుతున్నాయి, మెత్తగా ఉంది, ఇంకా పోదామనిపించింది. మర్నాడు మేడ మెట్లు దిగలేక రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి దిగాను. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. పిక్కల నొప్పి నాలుగు రోజుల్లో పోయింది, బుద్ధి మాత్రం రాలేదు. మళ్ళీ మొదలెట్టాను. మూడో వారంలో ఒక రోజు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ వెనక ఎవరో సన్న తీగ పెట్టి లాగినట్టు పట్టేసింది. పది అడుగులు వేస్తే సర్దుకుంది. కాబట్టి పరుగుకి వెళ్ళాను. వెళ్ళకూడదండి. పొద్దున మొదటి అడుగులో నరం పట్టేసి, నడిస్తే వదిలేస్తోందంటే ఆ రోజుకి బూట్లు తీసి మూల పెట్టాలి. నేను ఇంకో వారం లాగించి, చివరికి రాజమండ్రిలో ఫిజియోథెరపిస్టు దగ్గర తేలాను.

ఆయన మందులు ఇవ్వలేదు, మెట్టు చూపించాడు. మెట్టు అంచు మీద రెండు పాదాల ముందు భాగం ఆనించి, రెండు కాళ్ళతో పైకి లేచి, నొప్పి ఉన్న ఒక్క కాలి మీదే నెమ్మదిగా మడమని మెట్టు కిందికి దించాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడు విడతలు, మోకాలు కొంచెం వంచి మళ్ళీ మూడు విడతలు. రోజూ రెండు పూటలా, 12 వారాలు. స్వీడన్ డాక్టరు ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో బయటపెట్టిన పద్ధతి అట. విసుగు పుట్టించే వ్యాయామం. కొట్టు ముందు మెట్టు మీదే చేసేవాణ్ణి. యూరియా కోసం వచ్చిన రైతులు ఏదో మొక్కు తీర్చుకుంటున్నాడు అనుకున్నారు. ఐదు వారాలకి పరుగు మొదలెట్టగలిగాను, 12 వారాలూ మాత్రం పూర్తిచేశాను.

రెండోసారి ఇలా వెళ్ళాను. రెండు వారాలు ఆ బూట్లు వేసుకుని నడక, కొట్లో నిలబడటం మాత్రమే. తర్వాత పాత బూట్లతో పరుగు ముగించి, ఆఖరి కిలోమీటరు మాత్రం వీటితో, వారానికి రెండుసార్లు. పాత జత ఎక్కడ పెట్టాలి అంటారా? గట్టు మీద కొబ్బరి చెట్టు మొదట్లో, ఎవరూ ఎత్తుకుపోలేదు ఇప్పటిదాకా. రెండు వారాలకి ఒక కిలోమీటరు పెంచుకుంటూ పోతే, మొత్తం పరుగు వీటితోనే చేయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మీ వయసు నాకంటే తక్కువైతే ఇంకాస్త త్వరగా కావచ్చు. కానీ నేలంతా చదునుగా ఉన్న మన ఊళ్ళలో ఒక చిక్కుంది. కొండల్లో ఎక్కేటప్పుడు ఒక కండరం, దిగేటప్పుడు ఇంకో కండరం పనిచేస్తాయి. మన గట్టు మీద పది కిలోమీటర్లూ ఒకటే అడుగు, ఒకటే చోట దెబ్బ. అందుకని మధ్యమధ్యలో నడిచాను, సిగ్గుపడలేదు.

ఇక మన నేల మీద ఈ బూట్లు ఎలా ఉంటాయో చెప్తాను, ఇది ఇంగ్లీషు వీడియోల్లో దొరకదు.

1986 వరద చూశాక ఎత్తు పెంచిన ఏటిగట్టు మీద వెడల్పు సరిపోతుంది, గ్రావెల్ ఉన్నచోట ఈ బూట్లకి తిరుగులేదు. కంకర గుచ్చుకోదు. తంటా అంతా చిన్న కాలువగట్ల మీదే. ట్రాక్టర్లు తిరిగి ఒక పక్కకి వాలిపోయి ఉంటాయి. ఆ వాలు మీద మందపాటి మెత్తటి అడుగు పక్కకి ఒరుగుతుంది, పైగా ముందు భాగం వెడల్పు కాబట్టి పాదం లోపల జారుతుంది. వెళ్ళేటప్పుడు ఒక చీలమండ, వచ్చేటప్పుడు రెండోది. దీనికి మందు లేసుల్లో ఉంది. ముందు రంధ్రాల దగ్గర వదులుగా, పాదం మధ్యలో గట్టిగా, పైన ఖాళీగా వదిలేసే ఆఖరి రంధ్రంలో లేసుని మడతగా దూర్చి, రెండో పక్క లేసుని ఆ మడతలోంచి లాగి కట్టాలి. మడమ కదలదు. 30 దాటిన మందం మాత్రం మీ కాలువగట్టుకి వద్దని నా అభిప్రాయం. 25 చాలు.

సార్వా నాట్ల సమయంలో నల్లమట్టి సంగతి వేరే చెప్పాలా? అడుగున ఉన్న పళ్ళ మధ్య బంకమన్ను ఇరుక్కుని ఒక్కో బూటు రెండింతల బరువవుతుంది. వెడల్పు బూటుకి మన్ను ఇంకా ఎక్కువ పడుతుంది. పళ్ళు లోతుగా, ఎడంగా ఉంటే విదిలిస్తే కొంత రాలుతుంది. దగ్గరదగ్గరగా ఉంటే అట్టు అతికినట్టే. ఆ రెండు నెలలు నేను తారురోడ్డే.

ముళ్ళు. సర్కారు తుమ్మ కొట్టేసిన చోట జాగ్రత్త. మెత్తటి అడుగు కాలుని కాపాడుతుందనుకోకండి, మెత్తన కాబట్టే ముల్లు సులువుగా దిగుతుంది. నాకు ఒకసారి పళ్ళ సందులోంచి దిగి లోపలి అట్ట దాటి అరికాలికి తగిలింది. కటింగ్ ప్లేయర్‌తో లాగితే నా చిటికెనవేలంత ముల్లు వచ్చింది. లోపల గట్టి పలక ఉన్న మోడల్ అయితే కొంత మేలు.

లంకల్లో ఇసుక మీద, అంతర్వేది తీరం వైపు పొడి ఇసుక మీద మొదటి మూడు నెలలు అసలు వెళ్ళకండి. ఇసుకలో మడమ ఇంకా కిందికి దిగిపోతుంది. జీరో కాస్తా మైనస్ అవుతుంది. నరానికి అది రెట్టింపు పని.

తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టండి. ఎండలో, కారు డిక్కీలో వద్దు. ఆ తప్పుతో నా రెండో జత (ఏ కంపెనీదో చెప్పను) నాలుగువందల కిలోమీటర్లకే ముందు అడుగు నాలుకలా వేలాడింది. రావులపాలెం సెంటర్లో చెప్పులు కుట్టే ఆయన పాత జిగురు గీకి, సొల్యూషన్ రాసి, కాసేపు ఆరనిచ్చి అతికించి, చుట్టూ దారంతో కుట్టాడు. ఎనభై రూపాయలు. ఆ కుట్టు మీద ఇంకో మూడువందల కిలోమీటర్లు పోయింది. ఓవెన్ అక్కర్లేదు.

మీకు నా సలహా: మీ మడమ వెనక ఇంతకుముందు ఎప్పుడైనా నొప్పి వచ్చి ఉంటే జీరో జోలికి పోకండి. టోపో లాంటి కంపెనీల బూట్లలో వేళ్ళ దగ్గర వెడల్పు ఉంటూనే 3, 5 మిల్లీమీటర్ల డ్రాప్ ఉన్నవి చాలా ఉన్నాయి. మీ గోటి సమస్య దాంతోనే తీరిపోవచ్చు. నరం బాగుంటే, ఓపిక ఉంటే జీరో తీసుకోండి, పాత జత పారేయకండి. షుగరు ఉండి పాదాలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం ముందు డాక్టరుకి చూపించండి. నాకు ఈ మూడేళ్ళలో ఒక్క గోరూ నల్లబడలేదు. అంతేగానీ వేగం పెరిగిందీ, మోకాళ్ళు కొత్తవయ్యాయీ అని చెప్పను. నా పది కిలోమీటర్ల టైము అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

పేపరు మీద గీసుకున్నాక పాదం పొడవు, వేళ్ళ మొదట్లో వెడల్పు సెంటీమీటర్లలో ఇక్కడే రాయండి. రెండు కాళ్ళవీ రాయండి, తేడా ఉంటుంది. రాత్రి కొట్టు కట్టేశాక చూసి ఏ సైజు సరిపోతుందో చెప్తాను.