ఆంజెలీనాకి ఒక్కదానివే వెళ్ళకు

పారిస్ వచ్చి రెండు నెలలైంది, ఆంజెలీనా అనే పాత, పేరున్న కెఫేలో హాట్ చాక్లెట్ తాగాలని ఉంది అని రాశావు. క్యూ ఎంత ఉంటుంది, ఖర్చు ఎంతవుతుంది, గుడ్డు లేని కేకు దొరుకుతుందా అని మూడు ప్రశ్నలు అడిగావు. ఎవరితో వెళ్తున్నావో మాత్రం రాయలేదమ్మా. నా మనసు అక్కడే ఆగిపోయింది.

ముందు నీ ప్రశ్నలు తేల్చేస్తాను. ఈ దేశంలో ధరల పట్టిక బయట కనబడేలా పెట్టాలని రూలు, అది చదువుకునే లోపలికి వెళ్ళు. సర్వీసు చార్జీ ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి టిప్పు గురించి టెన్షన్ వద్దు. మంచినీళ్ళకి "యూన్ కరాఫ్ దో" (ఒక జగ్గు నీళ్ళు) అని అడుగు. వట్టిగా "నీళ్ళు" అని అడిగితే సీసా నీళ్ళు తెచ్చే అవకాశం ఉంది, దానికి డబ్బులు పడతాయి. శని, ఆదివారాల మధ్యాహ్నం రివోలి వీధి ఆర్కేడ్ల కింద క్యూ బారుగా ఉంటుంది. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే నయం. అక్కడ పేరుమోసిన మోఁ బ్లాఁ కేకు అడుగున ఉండే మెరాంగ్ అనే కరకరలాడే తీపి పొర గుడ్డు తెల్లసొనతో చేసేదే. గుడ్డు తినకపోతే, జంతువుల నుంచి తీసే జెలటిన్ సంగతి కూడా కలిపి, ఆర్డరిచ్చే ముందు అడిగి తెలుసుకో. మిగతావి వాళ్ళ సైట్లో ఉంటాయి.

ఇక నా సంగతి. నేను పారిస్ వచ్చిన మొదటి నవంబరులో, సాయంత్రం ఐదింటికే చీకటి పడుతున్న రోజుల్లో, మా వీధి చివర కెఫేలో ఒక్కదాన్నే కాఫీ తాగాను. తాగడం అయింది. బిల్లు రాలేదు. వెయిటర్ పక్క నుంచే నాలుగైదుసార్లు వెళ్ళాడు, నా వైపు చూడలేదు. ముప్పావుగంట కూర్చున్నాను. ఒంటరిగా ఉన్నాననీ, భాష రాదనీ నన్ను లెక్కచేయలేదనుకుని, డబ్బులు బల్లమీద పెట్టేసి ఏడుస్తూ గదికి వచ్చాను. ఇక్కడ మనం అడిగేదాకా బిల్లు తీసుకురారు. తెస్తే లేచి పొమ్మన్నట్టు ఉంటుందని వాళ్ళ మర్యాద. "లడిసియోఁ, సిల్ వు ప్లే" (బిల్లు ఇవ్వండి) అంటే చాలని నాకు చెప్పేవాళ్ళు లేరు. అడుగు పెట్టగానే "బోఁజూర్" (నమస్కారం) అనకపోతే మొరటుతనం అనుకుంటారని కూడా ఆర్నెల్లకి గానీ తెలియలేదు. పక్కన ఒక మనిషి ఉండి ఉంటే రెండూ నవ్వేసి వదిలేసేదాన్ని. ఒంటరిగా ఉన్నప్పుడు ప్రతి చిన్నదీ మనల్నే అన్నట్టు తగులుతుంది.

ఆ నెలలోనే నా పుట్టినరోజు వచ్చింది. ఆంజెలీనా గురించి అప్పటికే చదివి ఉన్నాను. 1903లో ఆస్ట్రియా నుంచి వచ్చిన ఆంటోన్ రుంపెల్మాయర్ అనే మిఠాయి తయారీదారు పెట్టాడనీ, ఆ పేరు ఆయన కోడలిదనీ, ఫ్యాషన్ డిజైనర్ కోకో షనెల్, రచయిత మార్సెల్ ప్రూస్ట్ అక్కడికి వచ్చేవారనీ. ఒక్కదాన్నే వెళ్ళాను. ఎంతమంది అని అడిగితే వేలు ఒకటి చూపించాను. ఆ వేలు చూపించిన క్షణం ఇప్పటికీ గుర్తుంది.

చాక్లెట్ చిన్న జగ్గులో వస్తుంది, పక్కన గిన్నెలో గిలక్కొట్టిన క్రీమ్. మన పాలల్లో పొడి కలిపినట్టు ఉండదు. గరిటజారుగా, చెంచాకి పట్టుకునేంత చిక్కగా ఉంటుంది, ఒక కప్పుతో కడుపు నిండిపోతుంది. డబ్బు వృథా కాకూడదని జగ్గంతా తాగేశాను. చుట్టూ పెద్ద అద్దాలు, గోడలమీద చిత్రాలు, బంగారు రంగు అలంకరణ. ఎటు చూసినా అద్దంలో నేనే కనబడ్డాను. ఫొటో తీసి ఇంటికి పంపి, ఫ్రెండ్స్‌తో వచ్చానని అమ్మతో అబద్ధం చెప్పాను. నీ ఉత్తరం చదువుతుంటే ఆ అబద్ధమే గుర్తొచ్చింది.

మరుసటి ఏడు ఫ్రెంచి క్లాసులో నా పక్కన కూర్చునే బ్రెజిల్ అమ్మాయిని నేనే పిలిచాను. ఇద్దరికీ కలిపి వచ్చిన ఫ్రెంచి యాభై వాక్యాలు ఉంటుందేమో. తను టీ, నేను చాక్లెట్, మధ్యలో ఒకే మోఁ బ్లాఁ. చెస్ట్‌నట్ ముద్దని సన్నకారప్పూసలా వత్తి, క్రీమ్ మీద గుట్టగా పేరుస్తారు. తను ఒకవైపు నుంచి, నేను ఒకవైపు నుంచి తింటూ అడుగున మెరాంగ్ దగ్గర కలుసుకున్నాం. బయటికొచ్చి ఎదురుగా త్విలరీ తోటలో ఆకుపచ్చ ఇనుప కుర్చీల్లో చలికి వణుకుతూ గంట కూర్చున్నాం. ఆ కుర్చీలకి డబ్బులు అక్కర్లేదు. పద్నాలుగేళ్ళయింది, ఆ అమ్మాయి ఇప్పటికీ ఆదివారం ఫోన్ చేస్తుంది. నా పిల్లలకి ఆమే పెద్దమ్మ. ఈ ఊళ్ళో నేను కాలు నిలదొక్కుకున్నది ఉద్యోగం వచ్చిన రోజున కాదు, ఆ రోజునే అనుకుంటాను.

మీ తరానికి ఫోన్లో అందరూ ఉన్నట్టే ఉంటుంది, అందుకే ఒంటరిగా ఉన్నామని మీకు ఆలస్యంగా తెలుస్తుంది. దిగులు మరీ బరువైతే సైకాలజిస్టుని కలిసే దారి ఏముందో మీ యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రంలో అడుగు, సిగ్గుపడకు.

ఈ వారం మాత్రం నీ రెసిడెన్సులో పక్క గది తలుపు తట్టు. వంటగదిలో రోజూ కనబడే ఆ అమ్మాయి పేరు ఇంకా అడగలేదని నువ్వే రాశావు. పేరు అడిగి, "ఆంజెలీనాకి వస్తావా" అను. వద్దంటే ఇంకో తలుపు. చాక్లెట్ ఎక్కడికీ పోదు, నూట ఇరవై ఏళ్ళ పైనుంచి అక్కడే ఉంది.