కత్తెర కంటే ముందు రావాల్సిన వాక్యం: ఒక యువ రచయిత్రికి లేఖ

చి. రచయిత్రికి,

ఆశీస్సులు. పెళ్లి గౌను బాడీస్‌ను, అంటే నడుము దాకా ఉండే పైభాగాన్ని, ఒంటికి సరిపోయేలా సరిచేయడం గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పని నీకు బాగా వచ్చని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. చిక్కంతా వాక్యాల వరసలో ఉంది. నీ పాఠకురాలు దీన్ని తీరిగ్గా కూర్చుని చదవదు. ఒళ్లో గౌను, చేతిలో కుట్లు విప్పే పనిముట్టు, పక్కన ఫోను పెట్టుకుని, ఒక వాక్యం చదివి ఒక పని చేస్తుంది. నువ్వేమో మూడో పేరాలో "పక్క కుట్టు బిగించి అదనపు గుడ్డ కత్తిరించండి" అన్నావు. నాలుగో పేరాలో "కత్తిరించే ముందు మరోసారి తొడిగి చూడటం మంచిది" అన్నావు. అప్పటికి గుడ్డ తెగిపోయింది కదమ్మా!

అసలు ఆ "కత్తిరించండి"నే కొట్టేయ్. బిగించగా మిగిలిన గుడ్డ ఒక అంగుళం లోపు ఉంటే లోపలే ఉండనివ్వాలి. పెళ్లి లోపు ఒళ్లు కాస్త వచ్చినా, లెక్క తప్పినా, మళ్లీ వదులు చేయడానికి ఆ మార్జినే దిక్కు.

ఇక లెక్క. "నడుము రెండు అంగుళాలు లూజుగా ఉంటే పక్క కుట్లను రెండు అంగుళాలు లోపలికి వేయండి" అని రాశావు. అలాగే చేస్తే పోయేది రెండు అంగుళాలు కాదు, ఎనిమిది. కుట్టు ఒక్కటే అయినా అందులో గుడ్డ అంచులు రెండు. అలాంటి కుట్లు రెండు పక్కలా ఉన్నాయి. అంటే మొత్తం నాలుగు అంచులు. రెండు అంగుళాలు తగ్గాలంటే కుట్టు గీత జరగాల్సింది అర అంగుళమే. ఈ భాగహారాన్ని నువ్వే చేసిపెట్టు, పాఠకురాలికి వదిలేయకు. వదులు చేసేటప్పుడూ ఇదే లెక్క: ఒక్కో అంచున పావు అంగుళం దొరికితే నడుముకు ఒక అంగుళం వస్తుంది. అయితే శాటిన్ మీద పాత కుట్టు రంధ్రాలు మాయవు. కాబట్టి విప్పే ముందు గౌను లోపలి నుంచి మార్జిన్ కొలవమని, కనపడని చోట రెండు కుట్లు విప్పి గుర్తు మిగులుతుందేమో చూడమని ముందుగానే చెప్పు. మార్జిన్ చాలకపోతే వెనక జిప్పు తీసేసి, లూపులు పెట్టి, తాడుతో బిగించే పద్ధతి ఉంది. దానికి వేరే వ్యాసం కావాలి, ఇందులో ఇరికించకు.

భుజాల పట్టీలు లేని గౌను జారిపోవడం గురించి నీ పేరా మొత్తం తిరగరాయాలి. "ఛాతీ దగ్గర ఇంకాస్త బిగించండి" అన్నావు. చాలామంది చేసే తప్పు అదే. అలా బిగిస్తే చంక కింద ఒళ్లు పైకి ఉబ్బుతుంది, గౌను మాత్రం జారుతూనే ఉంటుంది. అలాంటి గౌను బరువు మోయాల్సింది నడుము. లోపల నడుము గీత దగ్గర ఒక అంగుళం వెడల్పు గ్రోస్‌గ్రెయిన్ (అడ్డ గీతలుండే గట్టి నేత) రిబ్బను పట్టీ ఉండాలి. అది సాగని రిబ్బను కావాలి. నడుముకు ఒత్తుగా పట్టేంత పొడవు తీసుకుని, బోనింగ్ గొట్టాలకూ (గౌను నిటారుగా నిలబడేందుకు లోపల పెట్టే పుల్లల గుడ్డ గొట్టాలు) లోపలి మార్జిన్లకూ చేత్తో కుట్టాలి. పైగుడ్డకు దారం తగలకూడదు. జిప్పుకు అటూ ఇటూ రెండేసి అంగుళాలు కుట్టకుండా వదలాలి, లేకపోతే హుక్కు తగిలించడానికి వేళ్లు దూరవు. ముందు ఈ పట్టీ హుక్కు, తర్వాత జిప్పు. అప్పుడు లాగుడంతా పట్టీ మీద పడుతుంది, జిప్పు తేలిగ్గా కదులుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ప్యారిస్‌లో పేరు మోసిన చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ సంస్థ తన పేరు ముద్రను ఇలాంటి లోపలి నడుము పట్టీ మీదే వేసుకునేది. ఈ ముక్క నీ వ్యాసంలో పెట్టుకోదలిస్తే ఒక వాక్యంలో ముగించు. చరిత్రలోకి వెళితే పాఠకురాలి చేతిలో సూది ఆగిపోతుంది.

ముడతల పేరా బాగుంది, కానీ మరీ పొట్టిగా ఉంది. నిలువు మడతలు వదులుకు గుర్తని రాసి ఆపేశావు. ఏటవాలు ముడత ఒక చివర బిగుతు ఉన్న చోటికే చూపిస్తుంది. రొమ్ము వైపు లాగుతుంటే అక్కడ చోటు చాలలేదని అర్థం, దాన్ని పక్క కుట్టులో కాదు, రొమ్ము మీదుగా నిలువుగా దిగే ప్రిన్సెస్ కుట్టులో వదులు చేయాలి. నడుముకు కాస్త పైన అడ్డంగా మడతలు పడితే కారణాలు రెండు. గౌనును తుంటి మీదుగా కిందికి లాగితే మడతలు పోయి, నాలుగడుగులు నడవగానే మళ్లీ వస్తే తుంటి దగ్గర బిగుతు. లాగినా పోకపోతే బాడీస్ పొడవే ఎక్కువ. ఇలా పరీక్ష, ఫలితం పక్కపక్కన రాయి. మెడ అంచు నోరు తెరుచుకుని ఉంటే, తేడా అర అంగుళం దాటనంతవరకు, అంచు కంటే ఆ మేరకు పొట్టిగా ఉన్న సన్నని టేపును లోపల చేత్తో కుట్టి గుడ్డను దాని మీద సర్దుకోవచ్చు. అంతకు మించితే టేపుతో పని కాదు, గుడ్డ కుచ్చులు పడుతుంది.

"జాగ్రత్తగా" అన్న మాట పదకొండు చోట్ల వాడావు. ఆ పదం వల్ల ఎవరూ జాగ్రత్తపడరు. "గుండుసూదులు జాగ్రత్తగా పెట్టండి" బదులు "గుండుసూదులు మార్జిన్ లోపలే పెట్టండి, శాటిన్ మీద గుచ్చిన గుర్తు పోదు" అని రాయి. "పూసలను జాగ్రత్తగా తొలగించండి" అన్నచోట అసలు ప్రమాదం ఏమిటో చెప్పు: చాలా గౌన్లలో వరసంతా ఒకే దారం మీద ఉంటుంది, ఒకచోట తెంపితే పక్క పూసలూ రాలిపోతాయి. అందుకే కుట్టు గీతకు అటూ ఇటూ దారాన్ని ముందుగా ముడి వేసి బిగించి, ఆ తర్వాతే మధ్య పూసలు తీయాలి. తీసినవి ఒక డబ్బాలో దాచాలి, చివర్లో అతుకు కప్పడానికి అవే కావాలి. బోనింగ్ దగ్గరా ఇంతే. పైఅంచు తగ్గిస్తే పుల్లనూ తగ్గించాలి, అది కుట్టు గీతకు పావు అంగుళం ముందే ఆగాలి, కోసిన కొనను గుండ్రంగా అరగదీయాలి. లేదంటే చంక కింద గుచ్చుకుంటుంది. ఉక్కు పుల్ల మీద మిషను సూది పడితే సూది విరుగుతుంది.

"ఊర్ధ్వాంగ వస్త్రభాగం" అన్నావు, అది దయచేసి తీసేయ్. బాడీస్ అను. అస్తరు, కచ్చా కుట్టు (తర్వాత విప్పేసే తాత్కాలిక కుట్టు), డార్టు (ఒంటి వంపుకు గుడ్డను మడిచి వేసే కుట్టు), ఇవి మిషను ముందు కూర్చున్నవాళ్ల మాటలు. ఇవి చాలు.

ఇస్త్రీ గురించి నాలుగు వాక్యాలు ఎక్కువ. తక్కువ వేడి, పైన పల్చటి గుడ్డ, నీళ్లు చల్లకూడదు, ముందు మార్జిన్ మీద పరీక్ష. అంతే.

ఒకటి మాత్రం పూర్తిగా వదిలేశావు. తొడిగి చూసేటప్పుడు ఆ రోజు వేసుకోబోయే లోదుస్తులు, చెప్పులే వేసుకోవాలి. చెప్పు ఎత్తు మారితే నిలబడే తీరు మారుతుంది. కచ్చా కుట్టు మీద ఉండగానే కూర్చోవాలి, చేతులు పైకెత్తాలి, నిండా ఊపిరి పీల్చాలి. నిలబడినప్పుడు చక్కగా ఉన్న నడుము కూర్చోగానే పక్కటెముకలను నొక్కడం మామూలే. ఈ పేరాను మిషను కుట్టు చెప్పే పేరాకు ముందు పెట్టు. గౌను మీది లేస్ విప్పి, కుట్టు వేశాక మళ్లీ పైన పరిచి చేత్తో కుట్టే భాగాన్ని ఫొటోలతో సహా తిరగరాసి పంపు. విప్పక ముందు తీసిన ఫొటో మొదట ఉండాలి.