అవి నిజంగానే కుక్కలండీ!

ఓ పాత సినిమా పేరేంటని అడుగుతూ, దీవిలో చిక్కుకున్న మనుషులు, కుక్కల్లాంటి ఎలుకలు, చివర్లో డ్రమ్ములు, ఇంతే గుర్తుందన్నారు కదా. అది 1959లో వచ్చిన ‘ది కిల్లర్ ష్రూస్’. ష్రూస్ అంటే ఎలుకలు కాదు, చుంచెలుకలు.

కుక్కల్లా కనిపించడం మీ భ్రమేం కాదు. బడ్జెట్ లేక కుక్కలకే బొచ్చు తగిలించి పరిగెత్తించారు! దగ్గరి షాట్లకు మాత్రం చేత్తో ఆడించే బొమ్మ తలలు. అయినా గోడ కొరికి లోపలికొచ్చే సీన్లలో నాకు కాస్త టెన్షన్ పుట్టింది, నవ్వకండి. ఖాళీ డ్రమ్ములు కలిపి కట్టి, వాటి కింద నక్కి ఒడ్డుదాకా పాకుతారే, మీకు గుర్తున్నది అదే.

డైరెక్టర్ రే కెల్లాగ్. తీసింది టెక్సాస్‌లో. అమెరికాలో దీనికి కాపీరైట్ లేదు, కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి, ఉచితంగా దొరుకుతుంది. నిడివి గంటా పది నిమిషాల లోపే.